అమ్మ ఎక్కిన విమానం

మొన్న దోస్తు ఇంట్ల వాళ్ల తమ్ముడు కంప్యూటర్‌ల విమానం నడిపే ఆట ఆడుతున్నడు. విమానం కిందికి జారుతుంటే వచ్చే మోత వినంగనే నేను లేచి బయటికొచ్చిన.

నేను రెండో తరగతిల ఉన్నప్పుడు మేం చౌటుప్పల్‌ల ఉంటుంటిమి. మందుల కంపెనీల పనిచేసే అమ్మను ట్రైనింగ్ కోసం బెంగళూరు పంపిండ్రు. అమ్మ విమానం ఎక్కుడు అదే మొదలు. ఆ పొద్దు అన్న కంప్యూటర్ ముందట కూసోని శంషాబాద్ నుంచి బెంగళూరుకు విమానం లేపిండు.

"గిది అమ్మ ఎక్కిన విమానమే. నేనే నడుపుతున్న, సప్పుడు చెయ్యకు" అన్నడు.

నేను నిజమే అనుకున్న. తెర మీది చిన్న కిటికీలల్ల అమ్మ మొకం కోసం దేవులాడిన. ఇంతల రెక్క ఒరిగింది, మోత మొదలైంది, నేల మీది మీదికొచ్చింది. తెర ఎర్రగై ఆగిపోయింది.

"అరె, కూలిపోయింది" అని అన్న నవ్విండు.

నేను ఏడ్చుకుంట పక్కింటి షాహీన్ ఖాలా దగ్గరికి ఉరికిన. "అన్న అమ్మను పడేసిండు!"

ఖాలా నన్ను దగ్గరికి తీసుకొని అమ్మకు ఫోన్ చేసింది. కలవలే.

"విమానంల ఫోన్ బంద్ చేస్తరు బేటీ, ఫికర్ చెయ్యకు."

నా వెనుకనే వచ్చిన అన్న నవ్వు ఆగిపోయింది. "ఇంకోసారి చెయ్యి ఖాలా" అన్నడు మెల్లగ. మళ్ల కలవలే. నేను ఖాలా చున్నీ పట్టుకున్న.

చానాసేపటికి అమ్మనే చేసింది. "దిగిన బిడ్డా" అన్నది. నేను నోరు తెరవకముందే అన్న ఫోన్ గుంజుకొని వెక్కి వెక్కి ఏడ్చిండు.

అది ఉత్త ఆటేనని అన్నకు తెలుసు. అన్న చానా పెద్దోడని అప్పుడు అనుకుంటుంటి. ఇప్పుడు సోంచాయిస్తే, అన్నకు గూడ అప్పుడు పదకొండేండ్లే.