సజ్జ మీది టెలిస్కోపు

టెలిస్కోపు కొనాలనుకుంటున్నానని చెప్పిన ప్రతి చోటా నాకు ఎదురైన మొదటి ప్రశ్న ఒకటే: బాబు కోసమా మేడం? కోరుట్లలో ఒక బడిలో పదిహేనేళ్లుగా భౌతికశాస్త్రం చెబుతున్నాను. కటకాలు, దర్పణాలు రోజూ నా నోట్లో నానుతుంటాయి. అయినా ఒక ఆడమనిషికి ఆకాశం చూడాలని ఉంటుందని ఎవరికీ తోచదు. ఆ ప్రశ్న విన్నప్పుడల్లా ఒళ్లు మండేది. ఆ మంటను పౌరుషం అనుకునేదాన్ని.

నిజానికి అది నా కోసం కాదు, మా నాన్న కోసం, మా బాపు కోసం. సిరిసిల్లలో నలభై ఏళ్లు సాంచాలు నడిపిన మనిషి ఆయన. అక్కడ కరెంటు మగ్గాన్ని సాంచె అంటారు. ఒక కన్ను ఎప్పుడో పోయింది. రెండో కంటి నరం కూడా ఎండిపోతోందని, చుక్కల మందు వేస్తే కాస్త నెమ్మదిస్తుందే తప్ప పోయిన చూపు తిరిగి రాదని జగిత్యాలలో డాక్టరు తేల్చేశాడు. ఆ రోజు బస్టాండులో చాయ్ తాగుతూ బాపు నన్నొకటి అడిగాడు. పని దొరకనప్పుడల్లా, ఒంట్లో బాగాలేనప్పుడల్లా ఆయనకు పంతులు చెప్పిన కారణం శని ఒక్కటే.

"నలభై ఏండ్ల సంది నా మీద శని కూసున్నడంటున్నరు. చూపు పోకముందు ఒక్కపాలి వాని మొఖం చూపియ్యి బిడ్డా."

నవ్వుతూనే అన్నాడు. నేను మాత్రం నిజంగానే మాటిచ్చాను. అవి దసరా ముందు రోజులు. పొద్దుగూకగానే శని తూర్పున కనిపిస్తున్నాడు.

మస్కట్‌లో పనిచేసే మా ఆయనకు ఫోనులో సంగతి చెప్పాను. ఏది కొనాలో నేను చూసుకుంటానని కూడా చెప్పాను. వింటేగా! నెల తిరక్కుండానే ఊరికొస్తున్న ఒకతని చేత కార్టన్ పంపించాడు. దుప్పట్లు, పాలపొడి, అత్తరు సీసాల మధ్య ఒక టెలిస్కోపు డబ్బా, దాని మీద సన్నటి గొట్టం బొమ్మ. ముందు డెబ్బై మిల్లీమీటర్ల కటకం, కింద పుల్లల్లాంటి మూడు కాళ్లు, డబ్బా మీద వందల రెట్లు పెద్దగా చూపిస్తుందన్న పచ్చి అబద్ధం. వచ్చే మనిషి సామాను బరువులో పట్టింది అదొక్కటేనట. నా చదువు కన్నా విమానాశ్రయంలో తక్కెడ మీకెక్కువైందా అని ఆయనతో వారం రోజులు మాట్లాడలేదు. పిల్లల బొమ్మ అని దాన్ని డబ్బా విప్పకుండానే సజ్జ మీద పడేశాను.

అప్పుడు మొదలైంది నా ఎంపిక. కటకాల టెలిస్కోపులో బొమ్మ పదునుగా ఉంటుంది, గొట్టం మూసి ఉంటుంది కాబట్టి దుమ్ము చేరదు. కానీ కటకం పెద్దదయ్యేకొద్దీ ధర చేతికందదు. అద్దం టెలిస్కోపులో అడుగున పెద్ద దర్పణం ఉంటుంది, అదే ధరకు రెండింతల వెలుతురు పోగుచేస్తుంది. కానీ గొట్టం నోరు తెరిచి ఉంటుంది, మోయడానికి ఇద్దరు కావాలి. రెండూ కలిపి చేసింది పొట్టిగా ముద్దుగా ఉంటుంది, మీట నొక్కితే గ్రహాన్ని అదే వెతుక్కుంటుంది, ధర అడక్కూడదు. ఫోనులో ఆకాశం చూసేవాళ్ల బృందం ఒకదాంట్లో చేరాను. అక్కడి మగవాళ్లు నన్ను సార్ అని పిలుస్తూ కటకమైనా దర్పణమైనా వెడల్పే ముఖ్యమన్నారు. మేడం అని తెలిశాక ముందు బైనాక్యులర్స్‌తో మొదలుపెట్టమన్నారు. వాళ్ల మీద కసితో ఇంకా చదివాను. పట్టికలు గీశాను. వాళ్లందరి కన్నా సరైన టెలిస్కోపు కొని చూపిస్తాననుకున్నాను. సంక్రాంతి దాటింది, శివరాత్రి వచ్చింది. నేను తేల్చుకునేలోపు శని సూర్యుడి వెనక్కి పోయాడు. మళ్లీ సాయంత్రం ఆకాశంలోకి రావాలంటే వచ్చే దసరా దాకా ఆగాలి.

కోరుట్లలో కళ్లద్దాలు చేసే ఒక ముసలి చాచా ఉన్నాడు. బాపు అద్దాలు ఆయనే చేస్తాడు. ఆ ఎండాకాలం కొత్త అద్దాలకు వెళ్లినప్పుడు నా పట్టికలన్నీ, సజ్జ మీద పడేసిన దాని సంగతీ ఆయనకు వినిపించాను. ఆయన చివరిదాకా విని, బాపు పాత నంబరు, కొత్త నంబరు పక్కపక్కన రాసి చూపించాడు.

"బేటీ, నువ్వు ఆగుతవ్, కన్ను ఆగది. ఇంట్ల ఏదుంటే గదే పట్కపో."

పెద్దాయన కదా అని ఊరుకున్నాను కానీ, మనసులో తిట్టుకున్నాను. ఇంట్లో ఉన్నది టెలిస్కోపే కాదని ఈయనకేం తెలుసు అనుకున్నాను. పైగా బాపు చూపు తగ్గుతోంది కాబట్టి ఎక్కువ వెలుతురు ఇచ్చే పెద్ద అద్దమే కావాలని నాకు నేనే ఒక న్యాయం చెప్పుకున్నాను.

మళ్లీ దసరాకు ఆరంగుళాల అద్దం టెలిస్కోపు కొని, ట్రాలీ ఆటోలో సిరిసిల్ల తీసుకెళ్లాను. పొద్దుగూకాక డాబా మీద శనిని పట్టి బాపును కూర్చోబెట్టాను. చాలాసేపు చూశాడు.

అద్దానికి దూది పట్టినట్టుందన్నాడు. నేను చూశాను. శని చెక్కినట్టున్నాడు, కడియంతో సహా. అద్దం బాగానే ఉంది, నువ్వే కన్ను సరిగ్గా ఆనించట్లేదని విసుక్కున్నాను. ఆయన మళ్లీ చూసి లేచాడు.

తెల్లారి టిఫిన్ తిని డాబా ఎక్కేసరికి టెలిస్కోపు వెనక పళ్లెం ఊడి ఉంది. పక్కన పానా, స్క్రూలు. బాపు చాప మీద కూర్చుని దర్పణాన్ని ఒళ్లో పెట్టుకుని, సాంచాలు తుడిచే నూలు ముద్దతో రుద్దుతున్నాడు. ఇంట్లో అద్దానికి పూత వెనక ఉంటుంది. దీనికి ముందే ఉంటుంది, గోరు తగిలినా గీత పడుతుంది. ఆయనకు తెలియదు, నేను చెప్పలేదు. పూత మీద చక్రాలు చక్రాలుగా గీతలు.

అరిచాను. కింద వాడకట్టంతా వినేలా అరిచాను. ఏడాది కష్టం, ఎంత వెతికి తెచ్చాను, నీకెవరు ముట్టుకోమన్నారు అని నోటికొచ్చినట్టు అన్నాను. బాపు నూలు ముద్దను పక్కన పెట్టాడు.

"గుడ్డల తప్పొస్తే ముందుగాల సాంచెనే తుడుస్తం గద బిడ్డా. తప్పు నా కంట్ల ఉన్నదని నేననుకోలే."

నలభై ఏళ్లు ఆయన అట్లాగే పని చేశాడు. ముందు యంత్రం, తర్వాత దారం, అన్నిటి తర్వాతే మనిషి. రాత్రి నేను విసుక్కున్నప్పుడు కూడా తప్పు తన కంటిదని ఆయనకు తోచలేదు. దాన్ని ఆయన చేత ఒప్పించింది నా అరుపులే.

మధ్యాహ్నం బస్సుకే కోరుట్ల వెళ్లి సజ్జ మీది డబ్బా దించాను. దుమ్ము దులిపే ఓపిక కూడా లేదు. మర్నాడు సాయంత్రం అదే డాబా మీద ఆ మూడు పుల్లల కాళ్లు నిలబెట్టాను. గాలికి వణికాయి. వాటి మధ్యన ఇటుక వేలాడదీస్తే నిలబడ్డాయి. బాపు వంగి కన్ను పెట్టాడు. ఈసారి నేను కన్ను సరిగ్గా ఆనించమనలేదు.

"నాకు అగుపడ్తలేడు. నువ్వే చూసి చెప్పు."

చూశాను. పిల్లల బొమ్మ అన్న ఆ గొట్టంలో శని ఉన్నాడు. చిన్నగా, పదునుగా, చుట్టూ కడియంతో, ఏ మసకా లేకుండా ఉన్నాడు. ఆ కార్టన్ వచ్చిన రోజే ఈ డబ్బా విప్పి ఉంటే, బాపు కంటికి కూడా ఇట్లాగే ఉండేవాడు.

నువ్వుగింజంత ఉన్నాడని, చుట్టూ కడియం ఉందని చెప్పాను. బాపు నవ్వాడు.

"గింతంతోడా నా మీద కూసున్నది!"

ఆ మాట ఆయన నిరుడే, తన కంటితో చూసి అనాల్సింది.