మినుము చేలో చెవులపిల్లులు

తొంభైల చివర్లో గుణదలలో అద్దెకుంటూ, రోజూ బస్సులో ఏటి దిగువ ఊళ్లోని పశువుల ఆసుపత్రికి వెళ్లేదాన్ని. కొత్త డాక్టర్ని. గేదెలు, దూడలే తప్ప వేరే జంతువును చూసి ఎరగను. ఆ చలికాలంలో ఒక రైతు గోతంలో చచ్చిన చెవులపిల్లిని తెచ్చాడు.

"మొలకలు కొరికేస్తున్నాయని మా తోడల్లుడు మందు పెట్టాడండీ. నా చేలో రోజుకొకటి చస్తోంది, రేపు నా గేదెలు మేసినా అంతే. విషమేనని మీరొక్క మాటనండి, పంచాయితీ పెట్టిస్తాను."

ఇద్దరి చేలకూ మధ్య ఒకటే గట్టు. అక్కచెల్లెళ్లను చేసుకున్న ఆ మగాళ్లు అప్పటికే మాటలు మానేశారు.

కోసి చూశాను. ఎక్కడా గాయం లేదు. ముక్కు దగ్గర నెత్తురు ఎండిపోయింది. కాలేయం పాలిపోయి, పట్టుకుంటే చితికిపోయేలా ఉంది. నాకేమీ తోచలేదు. ముక్కలు పరీక్షకు పంపి, చదువు చెప్పిన మాస్టారికి ఫోన్ చేశాను.

"పెంపుడు కుందేళ్లలో కొత్తగా ఏదో వైరస్ వస్తోందమ్మా. ఇది దాని తరహాలోనే ఉంది. అడవి వాటికి రావడం మాత్రం నేను వినలేదు. మందంటూ లేదు, పాకకుండా చూసుకో" అన్నారాయన.

పరీక్షలో విషం లేదని తేలింది. వైరస్ కావచ్చని అనుమానం రాశారు. ఆ మాట చెప్పడానికి నేనే చేలోకి వెళ్లాను. ఇద్దరూ గట్టుకు చెరోపక్క నిలబడి విన్నారు.

"విన్నావా అన్నయ్యా? నేను పెట్టలేదని ఎన్నిసార్లు చెప్పాను!" అన్నాడు తోడల్లుడు.

రైతు గట్టు దాటి అతని పక్కకు వచ్చాడు. "తప్పయిపోయిందిరా. పార పట్టుకురా" అన్నాడు.

ఇద్దరూ కలిసి లోతుగా గొయ్యి తీశారు. చచ్చినవాటిని సున్నం చల్లి పూడ్చారు. కుక్కల్ని కట్టేయించారు. కూరకని ఎవరూ ఎత్తుకుపోకుండా అక్కచెల్లెళ్లు ఇంటింటికీ వెళ్లి చెప్పొచ్చారు. నేను సబ్బుతో చేతులు కడగడం నేర్పాను. అంతకుమించి నా వైద్యమేమీ లేదు. ఎండలు ముదిరేసరికి చావులు ఆగాయి. మేం చేసినదానివల్లో, జబ్బు తనంతట తనే తగ్గిందో ఈనాటికీ చెప్పలేను. చేలు మాత్రం బోసిపోయాయి.

మరుసటి ఏడు మినుములు మొలకెత్తిన రోజుల్లో తోడల్లుళ్లిద్దరూ ఒకే బండి మీద ఆసుపత్రికి వచ్చారు.

"డాక్టరుగారూ, చెవులపిల్లులు మళ్లీ మొలకలన్నీ కొరికేస్తున్నాయండీ! పిల్లల్ని కూడా పెట్టాయి" అన్నాడు రైతు. ఫిర్యాదే అది. కానీ మొహం వెలిగిపోతోంది.