ఫాక్స్‌గ్లవ్ పూలకు కట్టిన వల

మా అక్క డ్రూసిలా టోపీకి మేలిముసుగు లేకుండా చర్చికి వెళ్ళిన వేసవి అది. ఉన్న ముసుగులన్నీ మా బావ బార్నబీ ఫెన్‌విక్ కత్తిరించి పూలకు కట్టేశాడు. బావకు ఎక్సెటర్‌లో ఒక లాయరు దగ్గర గుమాస్తా ఉద్యోగం. అది పోను మిగిలిన వేళంతా మొక్కలే. ఎడిన్‌బరోలో అబర్‌కెయిర్న్ అని ఇలాంటి పిచ్చే ఉన్న పెద్దమనిషి ఒకాయన ఉండేవాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు గానీ వారం వారం ఉత్తరాలు నడిచేవి. పెళ్ళికి ముందు మా అక్కకు కూడా బావ అన్ని ఉత్తరాలు రాయలేదు. ఆయన దస్తూరీ కోడి కెలికినట్టు ఉంటుంది కాబట్టి వాటికి సాపు ప్రతి రాసే పని నాది.

ఆ ఏడు కూడా ఇద్దరి మధ్యా ఒకటే వాదం. తుమ్మెద లోపలికి దూరకపోతే ఫాక్స్‌గ్లవ్ పువ్వు గింజ కడుతుందా, కట్టదా? అంతకుముందు వేసవిలో వానలకు మొక్కలు కుళ్ళి ఏమీ తేలలేదు. ఈసారి కుండీల్లో పెంచి, మొగ్గ విచ్చకముందే వల కట్టాడు. సెలవులకు సముద్రపు ఒడ్డుకు బయలుదేరితే కుండీలు కూడా మాతో రైలెక్కాయి. వాటికి సీటు, బట్టల పెట్టె నా ఒళ్ళోకి. పిచ్చి ముదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట వెనకటికొకడు. నేనామాట అంటే బావ నవ్వేసి, కాస్త జరగమన్నాడు, ఆకు నలుగుతోందట.

నిజానికి ఆ సెలవులు లెటీ కోసం. బావకు మిగిలిన బిడ్డ అదొక్కతే. వసంతంలో దానికి స్కార్లెట్ జ్వరమనే అంటురోగం వచ్చింది. దాని అన్న ఆంబ్రోజ్‌ను తీసుకుపోయింది కూడా ఆ జ్వరమే. లెటీ గట్టెక్కింది. ఇక భయం లేదు, పిల్లల్లో కలవనివ్వండని డాక్టరు చెప్పాడు. బావ వింటేనా? పాము కరిచినవాడికి తాడును చూసినా భయమే.

మేము దిగిన ఇంటావిడ పిల్లలు రోజూ పొద్దున్నే గవ్వలు ఏరుకోవడానికి పోతూ గేటు దగ్గర ఆగి లెటీని పిలిచేవారు. బావ తనే వెళ్ళి, ఎంతో మర్యాదగా, వాళ్ళను పంపేసేవాడు. అక్క బతిమాలింది. నేను దెబ్బలాడాను. ఆయన పట్టు విడవలేదు. సాయంత్రం ఒడ్డు నుంచి తనే గవ్వలు తెచ్చి, మరిగే నీళ్ళలో ఒక్కొక్కటే కడిగి, తుడిచి, కూతురి ఒళ్ళో పోసేవాడు. ఆ ప్రేమ చూస్తే కోపం ఎలా నిలుస్తుంది?

పొద్దుపోవడానికి దానికొక పని కూడా ఇచ్చాడు. పెరట్లో బెంచీ మీద కూర్చుని, వలల్లోకి ఒక్క తుమ్మెద కూడా దూరకుండా చూడాలి. అది బుద్ధిగా కాపలా కాసింది. వల ఎక్కడైనా వదులైతే పరుగెత్తుకొచ్చి చెప్పేది.

ఒకనాడు బావ పోస్టాఫీసు నుంచి వచ్చేసరికి వలలన్నీ మడతపెట్టి బెంచీ మీద ఉన్నాయి. ప్రతి పువ్వులోనూ తుమ్మెదలే. లెటీ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని చూస్తోంది. ఈ వేసవి కూడా వృథా. నేను వంటగది గుమ్మంలో గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

బావ అరవలేదు. దాని పక్కన కూర్చుని, "ఎందుకు తీశావమ్మా?" అన్నాడు.

"రోజూ వస్తున్నాయి నాన్నా. చుట్టూ తిరిగి తిరిగి పోతున్నాయి. వచ్చిన సంగతి లోపలున్న పూలకి తెలుస్తుంది కదా. పాపం అనిపించింది."

బావ మడతపెట్టిన వలల్లో ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. ఈలోగా గేటు దగ్గర పిల్లల మాటలు వినిపించాయి. ఆయన లేచాడు. ఎప్పటిలాగే పంపేస్తాడనుకున్నాను. గేటు గడియ తీసి, దాన్ని అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

"పోయిరా తల్లీ. టోపీ పెట్టుకో," అన్నాడు.

అది టోపీ మాట వినిపించుకోకుండానే పరుగెత్తింది. ఆయన టోపీ పట్టుకుని వెనకే నాలుగడుగులు వేసి ఆగిపోయాడు. నాకు ఏడుపొచ్చింది.

ఆ మధ్యాహ్నం ఎడిన్‌బరోకు ఉత్తరం రాసి, సాపు చేయమని నాకిచ్చాడు. పిల్ల అల్లరి గురించి అందులో ఒక్క ముక్క లేదు. ఇంతే ఉంది: "అయ్యా, ఈ ఏడు కూడా మన వాదం తేలదు. వలలు నేనే తీసేశాను. ఇంకా ముందే తీయవలసింది."