తీగలక్క చేతికొచ్చిన డీజిల్ కారు

గ్యారేజీలో ఆవిడను అందరూ తీగలక్క అనేవారు. ఆ పేరు పెట్టింది సొంత తమ్ముడే. మొదట్లో ఎగతాళికి పెట్టాడు. తరువాత ఆవిడ ఉద్యోగం పేరే అదైపోయింది.

అంతకుముందు ఇరవై రెండేళ్లు ఆవిడ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసింది. వేల తీగల కట్టలో ఏ జత తెగిందో, దేంట్లోకి చెమ్మ దిగిందో మీటరు పెట్టి పట్టుకోవడం ఆవిడ పని. అందరి జేబుల్లోకీ ఫోన్లు వచ్చేశాక ఎక్స్ఛేంజి మూతపడింది. నలభై ఆరేళ్ల వయసులో ఇంట్లో కూర్చున్న మనిషి, మూడు నెలల్లో మిక్సీ, ఇస్త్రీపెట్టె, పక్కింటివాళ్ల కాలింగ్ బెల్లు అన్నీ విప్పి బాగుచేసేసింది. ఇక విప్పడానికి ఏమీ మిగల్లేదు.

సరిగ్గా అప్పుడే తమ్ముడి గ్యారేజీకి గడ్డురోజులు వచ్చాయి. డీజిల్ ఇంజిన్లలో అతను చెయ్యి తిరిగినవాడు. పాత బండ్లయితే శబ్దం విని జబ్బు చెప్పేవాడు. ఇంజిన్ నడుస్తుండగానే డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ల పైపులు ఒక్కొక్కటే వదులు చేసి, ఏ సిలిండర్ మొరాయిస్తోందో తేల్చేసేవాడు. కొత్త కార్ల దగ్గర ఆ ఆటలు సాగలేదు. వాటిలో డీజిల్ ఎప్పుడు చిమ్మాలో, ఎంత చిమ్మాలో ఒక చిన్న కంప్యూటరు నిర్ణయిస్తుంది. ఇంజిన్ వేడి, గాలి ఒత్తిడి, డీజిల్ ఒత్తిడి ఎంతెంత ఉన్నాయో సెన్సార్లు దానికి కబురు చేరవేస్తుంటాయి. ఆ కంప్యూటరు పట్టిన తప్పును కోడ్‌గా చూపించే స్కానర్ ఒకటి తమ్ముడు కొన్నాడు. అది ఏ కోడ్ చూపిస్తే ఆ భాగం మార్చేసేవాడు. సగం కార్లు బాగయ్యేవి. మిగతా సగం వారం తిరక్కుండా వెనక్కి వచ్చేవి.

అలా రెండోసారి వెనక్కి వచ్చింది పశువుల డాక్టరమ్మ కారు. కొండదారి ఎక్కుతుంటే ఉన్నట్టుండి నీరసపడిపోతుంది. ఎంత తొక్కినా వేగం అందుకోదు. ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే ఏమీ ఎరగనట్టు నడుస్తుంది. డీజిల్ ఒత్తిడి కొలిచే సెన్సార్ చెడిపోయిందని స్కానర్ అంది. తమ్ముడు దాన్ని రెండుసార్లు మార్చాడు. ఇక పంపు మార్చేద్దామని నిశ్చయించుకున్నాడు.

ఆ పొద్దున తీగలక్క అక్కడికి వచ్చింది పాడైన గేటు మోటారు చూడటానికి. తమ్ముడు కారు ముందు తల పట్టుకుని కూర్చుని ఉన్నాడు.

"ఆ సెన్సార్‌కి కరెంటు ఎక్కణ్ణుంచి వస్తుందిరా?" అని అడిగింది.

"కంప్యూటర్ నుంచి. ఐదు వోల్టులు."

"వస్తున్నాయో లేదో చూశావా?"

"రాకపోతే బండి ఇక్కడిదాకా ఎలా వచ్చిందక్కా? పొద్దున్నే నీ ఎక్స్ఛేంజి గోల నాకెందుకు?"

"ఇక్కడ వస్తున్నాయి సరే. కొండ మీద కూడా వస్తున్నాయా అని అడుగుతున్నా."

తమ్ముడు ఆ కారు వైరింగ్ పటం తీసి ఆవిడ చేతికిచ్చాడు.

తీగలక్క దాన్ని ఇంటికి తీసుకెళ్లి, రెండు రోజులు భోజనాల బల్ల మీద పరిచి చదివింది. ఆ ఐదు వోల్టులు ఒక్క సెన్సార్‌కే పోవడం లేదు. టర్బో పంపే గాలి ఒత్తిడి కొలిచే సెన్సార్ కూడా అదే తీగ మీద బతుకుతోంది. పెన్సిల్‌తో అక్కడొక సున్నా చుట్టింది.

మూడో రోజు ముగ్గురూ కొండదారి పట్టారు. డాక్టరమ్మ నడుపుతోంది. తీగలక్క పక్క సీట్లో, ఒళ్లో లాప్‌టాప్. బానెట్ సందులోంచి లాగిన రెండు పొడుగు తీగలు కిటికీలోంచి ఆవిడ చేతిలోని మీటరు దాకా వచ్చాయి. తమ్ముడు వెనక సీట్లో ముఖం ముడుచుకుని కూర్చున్నాడు. మూడో మలుపు దగ్గర కారు ఒక్కసారిగా చతికిలబడింది. తెరమీద ఆ రెండు సెన్సార్ల గీతలూ ఒకే క్షణంలో కిందికి పడ్డాయి. మీటరులో ఐదు కాస్తా ఒకటి లోపుకి దిగింది.

"చూశావా? రెండు సెన్సార్లూ కూడబలుక్కుని ఒకేసారి చావవు కదా. పంపుకేం కాలేదు."

తమ్ముడికి నమ్మకం కుదరలేదు. డాక్టరమ్మ కారు పక్కకు తీసి ఆపగానే దిగి, బానెట్ ఎత్తి, నడుస్తున్న ఇంజిన్ మీదికి స్పానర్ పట్టుకుని వంగాడు. "పైపు కాస్త వదులు చేస్తే డీజిల్ వస్తోందో లేదో తెలిసిపోతుంది."

"ఒరేయ్, చెయ్యి తియ్!" అని ఆవిడ అరిచిన అరుపుకు డాక్టరమ్మ కూడా ఉలిక్కిపడింది. "ఇది నీ పాత బండి కాదు. ఆ పైపులో ఒత్తిడికి సన్నటి ధార చాలు, చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది."

తమ్ముడు స్పానర్ జేబులో పెట్టేసుకుని ఇంజిన్ ఆపాడు. తీగలక్క తాళంచెవి కూడా తీసి చేతికి తీసుకుంది. ఇంజిన్ చల్లబడేదాకా ఆగి, గాలి సెన్సార్‌కి పోయే తీగల కట్టను వేళ్లతో నెమ్మదిగా తడుముకుంటూ పోయింది. ఒకచోట గరుకు తగిలింది. ఎత్తెక్కేటప్పుడు ఇంజిన్ బలంగా లాగినప్పుడల్లా ఒరిగి, ఆ తీగను ఇనుప బ్రాకెట్‌కు రాస్తోంది. తొడుగు అరిగిపోయి రాగి బయటపడింది. ఆ రాగి ఇనుముకు తగిలినప్పుడల్లా ఐదు వోల్టులూ అందులోకి పోయి, రెండు సెన్సార్ల కబురూ అందక కంప్యూటరు ఇంజిన్‌ను అణిచేస్తోంది.

అక్కడే అతికి, కొత్త తొడుగు వేసి, కట్టను బ్రాకెట్‌కు దూరంగా బిగించింది. కోడ్ చెరిపేసి కారును మళ్లీ కొండ ఎక్కించారు. కారు ఒక్క ఊపులో పైకి చేరింది.

"మా ఆవులూ ఇంతేనండీ," అంది డాక్టరమ్మ నవ్వుతూ. "కుంటుతుంటే అందరూ కాలే చూస్తారు. నొప్పేమో నడుంలో ఉంటుంది."

తమ్ముడు గొంతు సవరించుకున్నాడు. "అక్కా, రేపు ఎన్నింటికి వస్తావు?"

"తొమ్మిదింటికి. నాకో బల్ల కావాలి. దాని మీద నీ జిడ్డు స్పానర్లు పెట్టావో, చెప్తా!"

ఆ తరువాత అంతా పూలబాటేమీ కాదు. ఒకసారి ఒక కారుకు నాలుగు కొత్త ఇంజెక్టర్లు వేయించింది. ప్రతి ఇంజెక్టర్ తల మీదా ఒక నంబరు చెక్కి ఉంటుంది. దేని చిమ్మే తీరు దానిది కాబట్టి ఆ నంబరు కంప్యూటరులో ఎక్కించాలి. ఆ రోజు హడావిడిలో మరిచిపోయింది. కారు టకటకా కొట్టుకుంటూ తిరిగొచ్చింది. యజమాని తమ్ముడి మీద విరుచుకుపడ్డాడు. తీగలక్క లేచి వచ్చింది.

"మా తమ్ముణ్ణేమీ అనకండి. తప్పు నాది. అరగంట కూర్చోండి."

ఇరవై నిమిషాల్లో ఇంజిన్ మెత్తగా తిరిగింది. సాయంత్రం షట్టర్ దించుతూ తమ్ముడు, "ఇంజెక్టర్లే నాసిరకం అంటే సరిపోయేదిగా," అన్నాడు.

"సరిపోయేది. ఇంకో నెలకి నువ్వూ నేనూ దాన్నే నమ్మేవాళ్లం," అంది.

ఇది జరిగి ఆరేళ్లు. ఇప్పుడు వారంలో రెండు రోజులు మీటరు సంచీ భుజాన వేసుకుని వేరే గ్యారేజీలకు కూడా వెళ్తోంది. ఎవరైనా ఫోన్ చేసి, "కోడ్ ఇలా చెప్తోందక్కా, ఏం మార్చమంటావు?" అంటే ఆవిడ ఒకటే అడుగుతుంది.

"అది చెప్పింది సరే. నువ్వేం కొలిచావు?"

అవతల నీళ్లు నమిలితే ఫోన్ పెట్టేస్తుంది. కోపమేమీ కాదు. పది నిమిషాల్లో కొలిచి మళ్లీ చేస్తారని ఆవిడకు తెలుసు.