కొన్నదనుకుని

మా పక్కింటావిడ చెడ్డమనిషి కాదని మా ఆయన ఇప్పటికీ అంటూ ఉంటారు. నేనూ కాదనను. నాకు టైఫాయిడ్ వచ్చి మంచంలో ఉన్నప్పుడు మా పిల్లలకు జడలేసి, బొత్తాలు పెట్టి బడికి పంపింది ఆవిడే. మేము ఊరెళితే ఇంటి తాళంచెవి ఆవిడ దగ్గరే ఉండేది. ఇవేవీ నేను మర్చిపోలేదు, నా తంటా అదే. మర్చిపోగలిగితే ఆవిడను హాయిగా తిట్టుకుని ఊరుకునేదాన్ని.

తొంభైల చివర్లో మేము తిరువూరులో ఆ వీధికి చేరాం. మా పెద్దది అప్పుడు రెండో క్లాసు. చిన్నవాడికి మాటలింకా సరిగ్గా రాలేదు. నేను వినగడపలో టీచరుగా చేసేదాన్ని. పొద్దున బస్సెక్కి వెళ్ళి సాయంత్రానికి ఇల్లు చేరడం. ఆయనది ఊళ్ళోనే ఒక ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం. ఆ వీధి మొత్తానికి క్రైస్తవులం మేమొక్కళ్ళమే. పక్కింటివాళ్ళకు విస్సన్నపేట వైపు మామిడితోటలుండేవి. వాళ్ళమ్మాయీ మా పెద్దదీ ఒకే క్లాసు, ఒకే బెంచీ.

నవంబరు ఆఖరుకి మా ఇంట్లో పండగ గొడవ మొదలయ్యేది. స్కూలు నుంచి వచ్చి, చీర కూడా మార్చుకోకుండా కొంగు తలకు చుట్టుకుని బూజులు దులిపేదాన్ని. ఆయన వెదురుబద్దలు చీల్చి స్టారు కట్టేవారు. ఆయనకు ఆఫీసులో ఫైళ్ళు తప్ప చేత్తో చేసే పని ఏదీ రాదు. అయినా స్టారు మాత్రం ఎవర్నీ ముట్టుకోనిచ్చేవారు కాదు. రంగుకాగితాలు అంటించడానికి నేను మైదా ఉడికించి ఇస్తే చిన్నవాడు అందులో సగం నాకేసేవాడు. లోపల బల్బు పెట్టి, పొడుగాటి కర్రకు కట్టి డాబా మీద నిలబెట్టేవాళ్ళం. ఒక మూల ఎప్పుడూ సొట్టగానే ఉండేది. సాయంత్రం బస్సు దిగి నడిచి వస్తుంటే వీధి మొదట్లోంచే అది కనిపించేది. పండగొచ్చిన ఇల్లు మాదే అని నాకు గర్వంగా ఉండేది.

ఆ తర్వాత అరిసెలు. అరిసెలు లేకపోతే మా ఇంట్లో క్రిస్మస్ వచ్చినట్టే కాదు. మా అమ్మ చేసేది గానీ నాకు పాకం కుదిరేది కాదు. ఒక ఏడు నూనెలో వెయ్యగానే విడిపోయేవి, ఇంకో ఏడు పళ్ళు విరిగేంత గట్టిగా వచ్చేవి. నాకు పాకం నేర్పింది పక్కింటావిడే. మా పెరట్లో పొయ్యి పెట్టుకుంటే ఆవిడ ప్రహరీగోడకు అటువైపు నిలబడేది. నేను గిన్నెలో నీళ్ళు పోసి, పాకం చుక్క వేసి, వేళ్ళతో ఉండ చేసి చూపించేదాన్ని. “ఇంకాస్త ఉండనివ్వండి టీచర్ గారూ, మెత్తగా ఉండ నిలబడాలి” అనేది. నిలబడ్డాక, ఇప్పుడు పిండి పొయ్యమని తొందర పెట్టేది. ఆవిడ చెప్పిన కొలత, ఆవిడ చెప్పిన నువ్వులు, ఆవిడ చెప్పిన మంట. మా పెద్దది నూనె రాసిన కవరు మీద అరిసె తట్టి ఇస్తే నేను వేయించి తీసేదాన్ని. ఆయన రెండు చెక్కల మధ్య పెట్టి నూనె పిండేవారు. ఆ వాసనకి ఆవిడ గోడవతలనుంచి, ఈసారి బ్రహ్మాండంగా కుదిరాయండీ అని మెచ్చుకునేది. రుచి చూడకుండానే ఎలా మెచ్చుకుంటోందని నాకెప్పుడూ తోచలేదు.

పండగ ముందురోజు మా పెద్దది కొత్త గౌను వేసుకుని స్టీలు క్యారేజీలో అరిసెలు, జంతికలు పట్టుకుని పక్కింటికి వెళ్ళేది. ఆ పని తనకే కావాలని తమ్ముడితో కొట్లాడేది. మర్నాడు క్యారేజీ శుభ్రంగా కడిగి, ఖాళీగా పంపకూడదని అందులో వాళ్ళ పెరటి జామకాయలో, ఇంత పంచదారో వేసి ఆవిడ పంపేది. బాగున్నాయా ఆంటీ అని మా పిల్ల అడిగితే, మీ అమ్మ చెయ్యి తిరిగిందమ్మా అనేదట. ఆ మాట మా పిల్ల పరుగెత్తుకొచ్చి నాకు చెప్పేది. నేనూ పొంగిపోయేదాన్ని.

వాళ్ళ పండగలకు వాళ్ళింట్లోంచి మాకూ వచ్చేవి. బూరెలు, పులిహోర, గారెలు. నెమలి ఊళ్ళో గుడికి వెళ్ళొస్తే వేణుగోపాలస్వామి ప్రసాదం కూడా ఆవిడ తెచ్చి చేతిలో పెట్టేది. మా చర్చిలో కొందరు ప్రసాదం ముట్టుకోరు. నేను తీసుకునేదాన్ని. ప్రేమగా ఇచ్చిన మనిషి చేతిని ఖాళీగా వెనక్కి పంపడం నావల్ల కాదు. ఎదురింట్లో ఒక అర్చకుల కుటుంబం ఉండేది. వచ్చిన కొత్తలోనే ఆ పెద్దాయన, వండినవి మేము పుచ్చుకోమమ్మా, పళ్ళయితే పంపించండి అని నా ముఖం మీదే చెప్పారు. ఏటా పళ్ళు పంపేదాన్ని. ఆయన మీద నాకు ఏ కోపమూ లేదు.

మా పెద్దది ఆరో క్లాసుకు వచ్చిన ఏడు నేను కేకు మొదలుపెట్టాను. మా స్కూల్లో ఒక టీచరు కుక్కర్లో చెయ్యడం చెప్పింది. అడుగున ఇసుక పోసి, వెయిటు తీసేసి, సన్నని మంట మీద పెట్టాలి. మొదటిది మాడి బొగ్గయింది. రెండోది ఇసుక వాసన వేసింది. మూడోసారి మా పెద్దది చేతులు పీకేలా గుడ్లు గిలక్కొట్టింది, చిన్నవాడు జీడిపప్పు తినగా మిగిలింది పైన అద్దాడు. అది పొంగిందండీ, నేనే నమ్మలేకపోయాను. సగం కోసి పక్కింటికి పంపుదామంటే స్టీలు క్యారేజీ లేదు. చర్చిలో ప్రేమవిందుకి పట్టుకెళ్ళి అక్కడే మర్చిపోయి వచ్చాం. చిన్నవాడి పుట్టినరోజుకి ఆయన విజయవాడ నుంచి తెచ్చిన కేకు తాలూకు అట్టపెట్టె అలమర మీద ఉంది. మా పెద్దది దాన్ని దులిపి, కేకు అందులో పెట్టి, పైన దారం కట్టి పట్టుకెళ్ళింది.

పండగ మధ్యాహ్నం మేము చర్చి నుంచి వచ్చి భోజనాలు చేశామో లేదో పక్కింటావిడ వచ్చింది. అన్నేళ్ళలో పండగరోజు ఆవిడ మా గడప తొక్కడం అదే మొదటిసారి. నాకు ఎక్కడలేని సంతోషం వేసింది. ఆవిడ కూర్చోలేదు.

“కేకు ఏ బేకరీలో తెచ్చారండీ? మా పిల్లలు ముక్క కూడా మిగల్చలేదు. మావారు ఎలాగూ విజయవాడ వెళ్తున్నారు, ఒకటి తెప్పించుకుందామని” అంది.

నేను నవ్వాను. “బేకరీ ఏంటండీ, నేనే చేశాను. కుక్కర్లో.”

ఆవిడ ముఖంలో నవ్వు అలాగే ఉంది గానీ కళ్ళు మారిపోయాయి. “అయ్యో. పెట్టె చూసి కొన్నదనుకున్నానండీ. కొన్నదనుకుని పిల్లలకి కూడా పెట్టాను.”

కోపంగా అనలేదు. గొడుగు తేవడం మర్చిపోయానన్నంత మామూలుగా, తన పొరపాటుకి తనే నొచ్చుకుంటూ అంది. అందుకే నాకు వెంటనే అర్థం కాలేదు. వంటింటి గుమ్మంలో నిలబడ్డ మా పెద్దదానికి మాత్రం నాకంటే ముందే అర్థమైంది.

“మరి అరిసెలు?” అంది అది.

“అవి పారెయ్యమమ్మా. తోటలో పనివాళ్ళకి పంపిస్తాం. వాళ్ళు ఇష్టంగా తింటారు” అంది ఆవిడ. నన్ను ఓదార్చడానికే అంది. తనకు పట్టింపులేం లేవనీ, అత్తగారు ఉన్నంతకాలం తప్పదనీ, ఏమీ అనుకోవద్దనీ చెప్పి వెళ్ళిపోయింది. ఆ అత్తగారు ఉండేది వాళ్ళ సొంతూళ్ళో, పెద్దకొడుకు దగ్గర. మా వీధికి ఎప్పుడో ఒకసారి వచ్చేది.

ఆ తోటలో పనిచేసేవాళ్ళలో మా చర్చికి వచ్చేవాళ్ళూ ఉన్నారు. అంటే ఇన్నేళ్ళూ నా అరిసెలు పక్కింటి గడప దాటి, అంత దూరం తోటకు పోయి, తిరిగి మావాళ్ళ దగ్గరికే చేరాయన్నమాట. పాకం నేర్పిన మనిషికి నా పాకం పనికిరాలేదు. నేర్పేటప్పుడు ఆవిడకు తెలుసు, నేనే ఎర్రిమొహాన్ని. ఆ పూట పిల్లల ముందే ఏడ్చాను, దాచుకోవాలని కూడా అనిపించలేదు.

మా ఆయన సర్దిచెప్పబోయారు. మనవాళ్ళలో ప్రసాదం తిననివాళ్ళు లేరా, వాళ్ళ పద్ధతి వాళ్ళది అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. మనవాళ్ళు వద్దనేది దేవుడికి పెట్టారని, వండిన చెయ్యి ఎవరిదని కాదు అన్నాను. అదే చెయ్యి వాళ్ళ పిల్లకి లెక్కలు చెబితే పనికొచ్చిందా అన్నాను. నిజమే, పరీక్షలప్పుడు వాళ్ళమ్మాయి మా ఇంట్లోనే కూర్చుని చదివేది. బిస్కెట్ ప్యాకెట్టు విప్పి ఇస్తే తినేది, ఉప్మా పెడితే ఆకలి లేదనేది. అప్పటిదాకా ఆ పిల్లది చిన్న కడుపనుకున్నాను. మర్నాడు ఆయన స్టారు దించుతానంటే, ఏడాది చివరిదాకా ఉంచమని నేనే పట్టుబట్టాను.

తర్వాతి ఏళ్ళలో పండగ జరిగింది, జరగక ఏమవుతుంది. వెదురు స్టారు పోయి దుకాణంలో కొన్న ప్లాస్టిక్ స్టారు వచ్చింది. చిన్నవాడికి కండలొచ్చాయి, పిండి వాడే కలిపేవాడు. పక్కింటికి ఆయన బేకరీ కేకు కొని పంపేవారు. వాళ్ళు తినేవారు, బాగుందని కబురు చేసేవారు. వాళ్ళ బూరెలూ వచ్చేవి. నేను తీసుకుని, వాటిని ముట్టుకోకుండా ఆయనకే పెట్టేదాన్ని.

మా పెద్దది మాత్రం ఇక ఎవరింటికీ ఏమీ పట్టుకెళ్ళలేదు. బళ్ళోకి అన్నం డబ్బా తీసుకెళ్ళడం మానేసింది. ఎందుకే అంటే బన్ను కొనుక్కుంటానంది. వాళ్ళమ్మాయి పక్కనే కూర్చునేది, కలిసే వచ్చేది, నవ్వుకునేవాళ్ళు. ఇద్దరి మధ్యా గొడవేమీ లేదు. గొడవపడితేనే బాగుండేదని నాకు ఇప్పుడనిపిస్తుంది. నేను ఆవిడ మీద కోపంతో పదేపదే అదే మాట తిప్పితిప్పి అంటుంటే, అది మాత్రం ఒక్కమాట అనేది కాదు. చిన్నపిల్ల, మర్చిపోయిందనుకున్నాను.

ఇంజనీరింగ్‌కి విజయవాడలో హాస్టల్లో చేరాక ఒక క్రిస్మస్‌కి స్నేహితురాళ్ళను ముగ్గుర్ని తీసుకొస్తానంది. నాకు కాలు నిలవలేదు. పరుపుల కవర్లు ఉతికాను, డాబా కడిగించాను. అరిసెలు తట్టడానికి అది చాలా ఏళ్ళ తర్వాత మళ్ళీ నా పక్కన కూర్చుంది. చేతులు మర్చిపోలేదు, ఒక్కొక్కటీ ఒకే మందంలో వస్తున్నాయి. నేను మురిసిపోతూ చూస్తున్నాను.

“అమ్మా, వాళ్ళు అడిగితే షాపులో కొన్నామని చెప్పు” అంది, తల ఎత్తకుండా.

నా చేతిలో జల్లిగరిటె అలాగే ఉండిపోయింది. “ఎందుకు?”

“తింటారు.”

వాళ్ళెవరైనా ఏమైనా అన్నారా అని అడిగాను. లేదంది. మంచిపిల్లలేనంది. మరెందుకని అడిగితే, ముందుజాగ్రత్త అంది. బస్సులో కిటికీ పక్క సీటు ఆపుకోవడం గురించి చెప్పినట్టు చెప్పింది. నూనెలో అరిసె నల్లబడేదాకా నేను తియ్యలేదు.

పండగరోజు ఆ పిల్లలు మాతోపాటు చర్చికి వచ్చారు, పాటలకు చప్పట్లు కొట్టారు. మధ్యాహ్నం మా పెద్దది హోటల్ నుంచి తెప్పించిన బిర్యానీ మారు వేయించుకుని తిన్నారు. నేను అరిసెల పళ్ళెం తెచ్చి మధ్యలో పెట్టాను. తలా ఒకటి తీసుకున్నారు. అందులో ఒకమ్మాయి, చాలా మెత్తగా ఉన్నాయాంటీ, ఏ షాపులో కొన్నారు అని అడిగింది. మా పెద్దది నా వంక చూసింది. అడుక్కుంటున్నట్టు చూసింది.

“నేనే చేశానమ్మా. ఇది తట్టింది” అన్నాను.

అడిగినమ్మాయి, అయితే నాకు మూట కట్టివ్వాల్సిందే అని ఇంకొకటి తీసుకుంది. రెండో అమ్మాయి తింటూనే ఉంది. మూడో అమ్మాయి సగం తిన్న అరిసెను మెల్లగా పళ్ళెం అంచున పెట్టి, కడుపు నిండిపోయిందాంటీ అంది. నిజంగానే నిండి ఉండవచ్చు. అంత బిర్యానీ తింటే ఎవరికైనా నిండుతుంది. కానీ ఎవరైనా కడుపు నిండిందంటే అలాగా అని నమ్మే శక్తి నాలో ఎప్పుడో పోయింది.

నేను మంచినీళ్ళు తేవడానికి వంటింట్లోకి వెళ్ళాను. ఆ పిల్లలు చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి లేచారు. జగ్గుతో తిరిగి వస్తూ గుమ్మంలో ఆగిపోయాను. గదిలో మా పెద్దది ఒక్కతే ఉంది. పెరటివైపు ఒకసారి చూసి, ఆ సగం అరిసె గబుక్కున తీసి నోట్లో కుక్కుకుంది. ఖాళీ అయిన అంచుమీదికి ఇంకో అరిసె జరిపింది. నమలకుండానే మింగబోయి, కళ్ళలో నీళ్ళు తిరిగేలా పొలమారింది.

నేను చూడలేదనుకుంది.