తిరిగొచ్చిన గాలి

మొగుడి తప్పులు వెతకని పెళ్ళాం ఎక్కడా ఉండదు. అయితే ఆ పనికి నెలనెలా జీతం కూడా తీసుకునే అదృష్టం అందరికీ పట్టదు. నురగక్కకు పట్టింది. ఇరవై ఆరేళ్ళుగా మొగుడు పెట్టెలు అతికించడం, ఆ అతుకులో సందెక్కడుందో ఆమె కనిపెట్టడం. ఇద్దరిదీ ఒకటే వర్క్‌షాపు, ఎదురెదురు బల్లలు.

పెట్టె అంటే బట్టలు దాచుకునేది కాదు. మంచమంత పొడవూ వెడల్పూ ఉంటుంది గాని మందం రెండు వేళ్ళే. రెండు గాజు పలకల మధ్య సన్నటి ఖాళీ వదిలి, చుట్టూ అంచులు బంకతో మూసి, ఆ ఖాళీలో వాయువు నింపుతారు. కంటికి కనపడని కణాలు ఆకాశం నుంచి పగలూ రాత్రీ మన నెత్తిన పడుతూనే ఉంటాయట. వాటిలో ఒకటి పెట్టెలోంచి దూసుకుపోతే ఆ వాయువులో చిన్న మెరుపు పుట్టి, దాని జాడ దొరుకుతుందట. శాస్త్రజ్ఞులు అలాంటి పెట్టెలు వందలు పేర్చుకుని కాపు కాస్తారు. వాయువు కారిపోయే పెట్టె వాళ్ళకు చిల్లుకుండతో సమానం. నురగక్కకు కణాల మీద ఏ అభిప్రాయమూ లేదు. "అవి వస్తే రానీ, పోతే పోనీ. నా గాలి మాత్రం పోకూడదు" అనేది.

సబ్బు నురగ కుంచెతో అంచులకు పూసి, బుడగ లేచిన చోట సందుందని పట్టేస్తుంది కాబట్టి ఆమె నురగక్క. బంక వేస్తాడు కాబట్టి ఆయన బంకన్న. ఒకరు అక్కా, ఒకరు అన్నా అయిన మొగుడూ పెళ్ళాలు ఆ వర్క్‌షాపులో తప్ప ఇంకెక్కడా కనపడరు. కొత్తగా చేరినవాళ్ళు మొదటి వారమంతా వాళ్ళని తోబుట్టువులనుకునేవారు. రెండో వారం ఆమె ఆయన్ని కేకలేసే తీరు విన్నాక సంగతి తెలిసిపోయేది.

ఆమె పరీక్ష చాలా తేలిక. వంచిన గాజు గొట్టంలో నీలం రంగు నీళ్ళుంటాయి. దాని ఒక కొస పెట్టెకు తగిలించి, నీళ్ళు ఇరవయ్యో గీత దాకా ఎగదన్నేలా వాయువు నింపి, మూత బిగించి అరగంట ఊరుకోవాలి. నీళ్ళు అక్కడే ఉంటే పెట్టె మంచిది. దిగితే ఎక్కడో కారుతున్నట్టు. అప్పుడు కుంచె, నురగ, వెతుకులాట. వాయువు వాసన తగిలితే కూసే చిన్న యంత్రం కూడా ఒకటుంది గాని, నురగక్క దాన్ని చుట్టంలా చూసేది. వస్తే కూర్చోమంటుంది, పని మాత్రం చెప్పదు.

ఏడాదిగా ఆ గొట్టం మీది గీతలు ఆమెకు మసకబారుతూ వచ్చాయి. ఈ మధ్య గీతలు గట్టిగా వెయ్యడం మానేశారని ఆమె నిర్ధారించింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనే రకం.

"ఒకసారి కళ్ళు చూపించుకోరాదూ" అన్నాడు బంకన్న.

"నా కళ్ళకేం? ఈ గదిలోనే వెలుగు చచ్చింది. ఇంట్లో పాత టేబుల్ లాంపుందిగా, అది పట్రండి."

సోమవారం పొద్దున ఆయన ఆ లాంపును చంకలో పెట్టుకుని తెచ్చాడు. ముట్టుకుంటే చురుక్కుమనే పాతకాలపు బల్బు, ఇనుప టోపీ. బల్ల మీద చోటు లేక ఆమె దాన్ని పెట్టె మీదే నిలబెట్టి, గొట్టం వైపు మెడ వంచింది. గీతలు మళ్ళీ చక్కగా కనపడ్డాయి. తన కళ్ళకు ఏ రోగమూ లేదని ఆమెకు నమ్మకం కుదిరింది. పని లేకుండా దీపం వెలగడం ఆమెకు ఇంట్లోనూ గిట్టదు, ఇక్కడా గిట్టదు. గీత చూడటం అవగానే ఠక్కున ఆర్పేసేది.

ఆ సోమవారమే నలభై ఒకటో పెట్టె తప్పింది. నీళ్ళు ఇరవై నుంచి పన్నెండుకు దిగాయి. నురగ పూస్తే ఒక్క బుడగ లేవలేదు. చివరికి ఆ చుట్టం యంత్రాన్ని కూడా పిలిచి అంచులన్నీ తిప్పితే, అదీ నోరు మెదపలేదు. మంగళవారం నలభై రెండోదీ అంతే, బుధవారం నలభై మూడోదీ అంతే. బంకన్న మూడింటికీ చుట్టూ రెండో వరస బంక వేశాడు. ఆరాక చూస్తే మళ్ళీ పన్నెండు.

"కొత్త డబ్బా బంక తేడాగా ఉందేమోనే" అన్నాడాయన ఆ సాయంత్రం అన్నం తింటూ.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది. డబ్బా ఏం చేసింది పాపం?" అంది నురగక్క. ఆయన కంచంలోకి చూస్తూ మిగతా అన్నం తిన్నాడు.

గురువారం పెద్ద ఇంజనీరమ్మ వచ్చింది. ఆమె పెట్టెల్ని చూడలేదు. బంకన్న ముందు నిలబడి, "అన్నా, మీ చేతులు ఒకసారి చాపండి" అంది. పదిమందిలో చేతులు చాపమని వాటివైపే గుచ్చి చూస్తే ఎవరి చేతులైనా వణుకుతాయి. ఆయనవీ వణికాయి.

"రేపు పదకొండింటికి నేనే దగ్గరుండి చూస్తాను. రేపు కూడా కారితే మీరు ప్యాకింగులోకి మారండి. ఏమనుకోకండి, అక్కడ శ్రమ తక్కువ" అందామె మెత్తగా.

అదే గట్టిగా అంటే ఆయన తట్టుకునేవాడు. వేలి కొసలకు ఎప్పుడూ ఎండిన బంక పొరలతో తిరిగే మనిషి. వాటిని గిల్లుకుంటూనే ఇద్దరు పిల్లల్ని పెంచాడు, ఇల్లు కట్టాడు, మామగారిని ఒప్పించాడు. రేపటినుంచి అట్టపెట్టెలకు తాళ్ళు కట్టమంటే ఆ చేతులకు ఇక గిల్లుకోవడానికి కూడా ఏమీ మిగలదు. నురగక్క ఎదురు బల్ల దగ్గర నిలబడి అంతా విన్నది. ఇన్నేళ్ళూ ఆయన అతుకుల్ని తప్పు పట్టింది గాని, ఆయన చేతుల్ని ఇంకొకరు తప్పు పడుతుంటే వినాల్సి రావడం ఆమెకు ఇదే మొదలు. ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీద మండాలో తెలియక స్టోరు కీపరు మీద మండింది.

ఆ సాయంత్రం కాలేజీ నుంచి వచ్చిన కూతురు వంటింటి గుమ్మంలో నిలబడి ఫిర్యాదు చేసింది. "అమ్మా, నాన్న టూత్‌పేస్టంతా పళ్ళేనికి పూసేస్తున్నాడు. రేపు నేను దేంతో తోముకోవాలి?"

వెళ్ళి చూస్తే నిజమే. బంకన్న భోజనాల బల్ల మీద పెద్ద స్టీలు పళ్ళెం బోర్లించి, ఊపిరి బిగబట్టి, అంచు చుట్టూ పేస్టుతో సన్నటి గీత గీస్తున్నాడు.

"ఏంటండీ ఈ వేషాలు?"

"చెయ్యి వణుకుతోందో లేదో చూసుకుంటున్నా."

ఆమె వంగి చూసింది. పళ్ళెం చుట్టూ తెల్లటి గీత దారం పరిచినట్టుంది. ఎక్కడా లావు లేదు, సన్నం లేదు, తెగింది లేదు. బాగుంది అందామనుకుంది. కానీ ఆ మాట ఆయనతో అని అలవాటు లేక గొంతు దాటలేదు. "రేపొచ్చేప్పుడు కొత్త పేస్టు తెండి" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆయన పళ్ళేన్ని జాగ్రత్తగా ఎత్తి, ఆరడానికి బీరువా మీద పెట్టాడు.

శుక్రవారం ఎనిమిదింటికే ఇద్దరూ వర్క్‌షాపులో ఉన్నారు. బంకన్న తన బల్ల దగ్గర సామాను సర్దుకోసాగాడు. ఆ సర్దుకోవడం చూడలేక నురగక్క వీపు అటు తిప్పి, లాంపు వెలిగించి, నలభై మూడో పెట్టెకు గొట్టాలు తగిలించింది. గంటసేపు నిదానంగా ఇరవై దాకా నింపింది, మూత బిగించింది, లాంపు ఆర్పింది. అరగంటయ్యాక వెలిగించి చూస్తే మళ్ళీ పన్నెండే.

స్టూలు మీద కూలబడింది. నురగ పూసే ఓపిక లేదు. లాంపును అలాగే వెలగనిచ్చి, బంక గీత వెంట వేలు నడిపించడం మొదలుపెట్టింది. రాత్రి చూసిన పేస్టు గీత కళ్ళముందే ఉంది. అలాంటి గీత గీసే చెయ్యి ఇక్కడ ఎందుకు తప్పుతుంది? ఒక అంచు, రెండో అంచు, మూలలు, అన్నీ నిదానంగా తడిమింది. చుట్టూ తిరిగొచ్చేసరికి ఇంకో అరగంట గడిచింది. ఎందుకో గొట్టం వైపు చూసింది. నీళ్ళు పందొమ్మిది దగ్గరున్నాయి.

కళ్ళు నులుముకుని చూసింది. పందొమ్మిదే. తన కళ్ళ మీద తనకు మొదటిసారి అనుమానం వచ్చి స్టోరు కీపరును పిలిచింది.

"నిన్న తిట్టారు, ఇవాళ పిలుస్తున్నారు" అంటూ వచ్చాడతను.

"తర్వాత అలుగుదువు గాని, ఎంతుందో చదువు."

"పందొమ్మిది. కాదు, ఇరవైకి దగ్గర పడుతోంది."

నురగక్క మళ్ళీ గొట్టం మీదికి వంగింది. పోయిన గాలిని ఇన్నేళ్ళలో ఎంతో చూసింది. పోయి, మనసు మార్చుకుని తిరిగొచ్చిన గాలిని ఎన్నడూ చూడలేదు. అంటే అది అసలు పోనేలేదు. మరి నీళ్ళెందుకు దిగాయి, ఎందుకెక్కాయి? ఆలోచిస్తూ పెట్టె మీద చెయ్యి ఆనించి, చటుక్కున తీసేసింది. లాంపు కింద గాజు జ్వరమొచ్చిన పిల్లాడి నుదురులా కాలుతోంది.

అప్పుడు తెలిసింది. లాంపు వేడికి లోపలి గాలి ఉబ్బుతోంది. ఆ ఉబ్బు మీదే తను ఇరవై అని కొలుస్తోంది. లాంపు ఆర్పగానే పెట్టె చల్లబడి గాలి ముడుచుకుంటోంది, నీళ్ళు దిగుతున్నాయి. పెట్టెకు చిల్లు లేదు, బంకకు తప్పు లేదు, ఆ చేతికి వణుకు లేదు. ఉన్నదల్లా మసకబారిన రెండు కళ్ళు, వాటిని ఒప్పుకోని ఒక మనిషి. ఎందుకైనా మంచిదని లాంపు ఆర్పి ఇరవై నిమిషాలు ఆగి, స్టోరు కీపరు చేత మళ్ళీ చదివించింది. "పదమూడు" అన్నాడు. మద్దెల సామెత గుర్తొచ్చి ఆమెకు చెవులు వేడెక్కాయి.

పదకొండుకు ఇంకా పది నిమిషాలుంది. లాంపును మెల్లగా బల్ల కింద పెట్టేస్తే చాలు. చల్లటి పెట్టెను మళ్ళీ నింపితే నెగ్గుతుంది. రెండో వరస బంక ఇప్పటికి పట్టిందని అందరూ అనుకుంటారు. బంకన్న ఉద్యోగం నిలుస్తుంది, ఆమె పేరూ నిలుస్తుంది. ఎవరికీ ఏ నష్టమూ లేదు. కాకపోతే రిజిస్టరులో మూడు పెట్టెల ఎదురుగా 'బంక లోపం' అని ఆమె చేత్తో రాసింది అలాగే ఉండిపోతుంది. ఆమె ఎదురు బల్ల వైపు చూసింది. బంకన్న తన కుంచెలను ఒక్కొక్కటే గుడ్డతో తుడుస్తున్నాడు, ఎవరికో అప్పగించబోతున్నట్టు.

ఇంజనీరమ్మ రాగానే నురగక్క రిజిస్టరు తెరిచి ఆమె చేతిలో పెట్టింది. 'బంక లోపం' అన్న మూడు చోట్లా కొట్టివేత ఉంది. కింద తడి ఆరని సిరాతో ఇలా ఉంది: "41, 42, 43 కారడం లేదు. బంక మొదటి రోజు నుంచీ బాగుంది. లాంపు వేడి వల్ల లెక్క తప్పింది. లాంపు పెట్టింది నేను." కింద సంతకం.

పెట్టెను చల్లారనిచ్చి, లాంపు లేకుండా ఇంజనీరమ్మే నింపి, అరగంట కూర్చుని తనే చదివింది. ఇరవై. నీళ్ళు కదల్లేదు.

"సరే అక్కా. ఇన్నేళ్ళూ లేని లాంపు ఇప్పుడెందుకొచ్చింది?" అని అడిగింది.

నురగక్క రిజిస్టరు వైపు చూసింది. రాయడం తేలికే. నలుగురిలో నోటితో అనడమే కష్టం. "గీతలు కనపడటం లేదండీ. నా కళ్ళు పోతున్నాయి" అంది.

బంకన్న గుడ్డ పక్కన పెట్టి ముందుకొచ్చాడు. "లాంపు ఇంటినుంచి మోసుకొచ్చింది నేనండీ. సగం తప్పు నాది."

"నా తప్పులో వాటాకి రాకండి" అంది నురగక్క, కళ్ళు తుడుచుకుంటూ. స్టోరు కీపరు ముందు నవ్వాడు, తర్వాత ఇంజనీరమ్మ, ఆ తర్వాత అందరూ. బంకన్న కుంచెలన్నీ తిరిగి డబ్బాలో పెట్టుకున్నాడు.

మరుసటి వారం ఆమెకు కళ్ళజోడొచ్చింది. పెట్టుకున్న మొదటి గంటలో ఇంట్లో బూజు, కూతురి పుస్తకాల్లో సినిమా బొమ్మలు, మొగుడి చొక్కాకు లేని గుండీ అన్నీ బయటపడ్డాయి. ఇంటిల్లిపాదీ ఆ జోడును శపించారు.

బీరువా మీది బూజు దులపబోతే పళ్ళెం చేతికి తగిలింది. పేస్టు గీత ఎండి రాయిలా గట్టిపడింది. ఆ పళ్ళేన్ని కడగొద్దని బంకన్న ఇంట్లో అందరికీ ఖచ్చితంగా చెప్పాడు. ఇంటికొచ్చిన ప్రతివాడికీ దించి చూపిస్తున్నాడు కూడా. నురగక్క దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, అలవాటు కొద్దీ అంచు వెంట చూపు నడిపించింది. మూడొంతులు తిరిగాక ఆగిపోయింది. గీతలో సందుంది, వెంట్రుక వాసి సందు. ఆ రోజు ఆమె కంటికి ఆనలేదు.

ఆమె ముందు గదిలోకి తొంగి చూసింది. ఆయన కుర్చీలో కూర్చుని గోళ్ళ దగ్గర బంక గిల్లుకుంటున్నాడు. పిలవడానికి నోరు తెరిచి, మూసేసింది. కొత్త పేస్టు గొట్టం తెచ్చి, అగ్గిపుల్ల కొసతో రవ్వంత తీసి, ఆ సందు పూడ్చి, వేలితో సాపు చేసి, పళ్ళేన్ని ఎక్కడిదక్కడ పెట్టేసింది.

"ఏం చూస్తున్నావక్కడ?" అన్నాడాయన లోపలికి వస్తూ.

"మీ గీతే. ఎక్కడా సందు లేదు" అంది నురగక్క.