వేడెక్కిన చోక్ తీగ

ఆదివారం పొద్దున్నే షెడ్డు దూలానికి ఇంజన్ పైకెత్తే చైన్ బ్లాక్ వేలాడదీశారు. దాని కొక్కెం సరిగ్గా పంతులమ్మ కారు ముక్కు మీద ఊగుతోంది.

పంతులమ్మ అంటే బడి పంతులమ్మ కాదు. ముప్పై ఒక్క ఏళ్లు ఆ కారులోనే ఊళ్లో సగం మందికి డ్రైవింగ్ నేర్పిన మనిషి. ఆమె దగ్గర మొదటి పాఠం స్టీరింగ్ కాదు. పక్క సీట్లో కళ్లు మూసుకుని, డ్యాష్‌బోర్డు మీద అరచెయ్యి ఆనించి, బండి ఏ గేరులో పోతోందో చెప్పాలి. చెప్పలేకపోతే మూడు రోజులైనా అదే పాఠం. "కళ్లకి రోడ్డు పని ఉంటుంది నాయనా, బండి సంగతి చేతులూ కాళ్లూ చూసుకోవాలి" అనేది.

ఆమె పాఠాలు మానేసిన ఏడాది, రంగుల మేస్త్రి అయిన తమ్ముడు అక్క మీద ప్రేమకొద్దీ కారుకి కొత్త హంగులు చేయించాడు. కొత్త కార్బరేటర్, కొత్త కాయిల్, పాత పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్. ఇంజన్ బయటికి తీయించి, దానికీ అది కూర్చునే చోటుకీ తన చేత్తో మూడు కోటింగుల రంగు వేశాడు. బండి పెళ్లికూతురిలా తయారైంది. తయారైంది గానీ అడుగు వేస్తేనా! సెల్ఫ్ కొడితే మూలుగుతుంది, దగ్గుతూ అంటుకుంటుంది, రెండో గేరులో ఎక్కిళ్లు, మలుపులో మౌనవ్రతం.

మెకానిక్ నెల రోజుల్లో కార్బరేటర్ ఐదుసార్లు విప్పాడు. ప్లగ్గులు మార్చాడు, బ్యాటరీ మార్చాడు, టైమింగ్ అటూ ఇటూ తిప్పాడు. చివరికి ఇంజన్ పనైపోయిందనీ, వేరేది దింపి పాతది తూకానికి వేసేద్దామనీ తేల్చేశాడు. వేరే ఇంజన్ పెడితే అది ఆమెకి వేరే కారే. ఈ పాత ఇంజన్ చప్పుడు వినే ఆమె ఇన్నేళ్లు పక్క సీట్లో నిబ్బరంగా కూర్చుంది.

"టీచరమ్మా, మీరు లోపలికెళ్లండి. తీస్తుంటే చూడలేరు," అన్నాడు మెకానిక్.

"నువ్వు నా గేటు గుద్దేసినప్పుడే చూడగలిగాను. ఇదో లెక్కా?"

తమ్ముడు కిసుక్కున నవ్వాడు.

"అది పాతికేళ్ల కిందటి మాట టీచరమ్మా! మీ దగ్గర రివర్సు అప్పుడే నేర్చుకుంటున్నా!" అన్నాడు మెకానిక్.

"గేటు ఇంకా వంకరగానే ఉంది. ఒక్కసారి కూర్చోనీ. ఆ తరవాత మీ ఇష్టం."

కూర్చుంది. అలవాటు చొప్పున కళ్లు మూసుకుంది. ఎడమచేత్తో, చల్లబడ్డ ఇంజన్‌ని లేపే చోక్ లాగి, దాని తీగని రెండు వేళ్ల మధ్య పట్టుకుని తాళం తిప్పింది. ఇంజన్ మూలిగింది, అంటుకోలేదు. మళ్లీ తిప్పింది. మళ్లీ. నాలుగోసారి చటుక్కున చెయ్యి వెనక్కి తీసేసుకుంది.

"ఒరే తమ్ముడూ, ఇలా రా. ఈ తీగ ముట్టుకో."

"అబ్బా! ఇది కాలుతోందేంటక్కా?"

"ముప్పై ఒక్క ఏళ్లు లాగాను దీన్ని. ఏనాడూ గోరువెచ్చగా కూడా కాలేదు."

"ఇంజన్ వేడి అయ్యుంటుంది," అన్నాడు మెకానిక్, పానా వదలకుండానే.

"అంటుకోని ఇంజన్‌కి వేడేంట్రా? చెయ్యి పెట్టి చూడు!"

పెట్టాడు. రాయిలా చల్లగా ఉంది. పానా కింద పెట్టి తల గోక్కున్నాడు. "ఈ తీగ ఒక కొస బాడీకి, ఇంకో కొస ఇంజన్‌కి. అంటే... సెల్ఫ్ కరెంటు దీన్లోంచి పోతోందా?"

"పెద్ద రోడ్డు మూసేస్తే జనం సందులో పడరూ? దాని పెద్ద రోడ్డేది?"

"ఎర్త్ పట్టీ!" బాడీనీ ఇంజన్నీ కలిపే అల్లిన రాగి పట్టీ కోసం మెకానిక్ బానెట్‌లోకి దూరాడు. "ఉంది టీచరమ్మా, గట్టిగానే ఉంది. నేనే బిగించాను."

"దేని మీద బిగించావు?"

మెకానిక్ మెల్లగా తలెత్తి మేస్త్రి వైపు చూశాడు.

"నున్నగా ఉంటుందని... అక్కడ కూడా రంగు వేశాను," నీళ్లు నమిలాడు తమ్ముడు.

"రంగు మీంచి కరెంటు పోతుందట్రా? ముఖానికి పౌడరు రాయమంటే ముక్కుపుటాలు మూసేశావు కదరా! గీకు."

"మూడు కోటింగులక్కా!"

"గీకుతావా, నన్ను గీకమంటావా?"

కన్నబిడ్డకి పుట్టెంట్రుకలు తీయిస్తున్నంత దిగులుగా, బొటనవేలి గోరంత చోటుని తమ్ముడే గరుకు కాగితంతో రుద్దాడు. ఇటు బాడీ మీద, అటు ఇంజన్ మీద ఇనుము తళుక్కుమంది. మెకానిక్ పట్టీ బిగించాడు.

ఆమె తాళం తిప్పింది. మూలుగు లేదు. ఒక్క ఊపున అందుకుని, కుదురుకుని, పాత గొంతుతోనే పాట ఎత్తుకుంది ఇంజన్. చోక్ తీగ చల్లగా ఉంది. కొత్త హంగులకి ఇప్పుడు నోరొచ్చింది. యాక్సిలరేటర్ తాకితే చాలు, బండి ఉరకలేస్తానంటోంది. తమ్ముడు ఈల వేశాడు. మెకానిక్ ఎవరూ చెప్పకుండానే స్టూలెక్కి చైన్ బ్లాక్ విప్పి దింపాడు.

పంతులమ్మ పక్క సీట్లోకి జరిగి, స్టీరింగ్ ముందు చోటు చూపించింది.

"ఎక్కు. రివర్సులో గేటు దాటించు."

"ఇప్పుడా టీచరమ్మా?"

"పాతికేళ్లు ఆగాను, చాలదూ?"

అతను చెమట తుడుచుకుని ఎక్కాడు. ఏమనుకున్నాడో, ముందు డ్యాష్‌బోర్డు మీద అరచెయ్యి ఆనించి ఒక్క క్షణం ఆగాడు. బండి మెల్లగా వెనక్కి కదిలి, వంకర గేటుకి జానెడు దూరంగా, గీత గీసినట్టు రోడ్డు మీదికి వచ్చింది.

"పాసయ్యావు పో," అంది పంతులమ్మ. "ఇంక మూడో గేరు వినిపించు."